సత్యరాజును యాత్రకు బంపిన పంతులుగారు

పలనాటివారికి శ్రీనాథ మహాకవిపై నొక పాత కినుక గలదు. పదునైదవ శతాబ్దమున ఆ కవి యీ సీమకు వచ్చి, ఇచ్చటి రాళ్ళను, నీటియెద్దడిని, జొన్నకూటిని జూచి మొగము చిట్లించి చాటుపద్యములు చెప్పెనని వాడుక. ఆ పద్యములు గురజాలలోను మాచెర్లలోను చిన్నపిల్లలకు సైతము నోటికి వచ్చును. మన యూరిని వెక్కిరించిన పద్యమును మనమే కంఠస్థము చేసి కాపాడుకొనుట యొక వింత. 1967లో నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలిన పిమ్మట కుడికాలువ క్రింది పల్లెలలో వరియన్నము వచ్చినది గాని, పద్యము మాత్రము పోలేదు. పలనాటి వీరచరిత్రమును ద్విపదగా వ్రాసినదియు నా శ్రీనాథుడే యని ప్రసిద్ధి యగుటచేత మన పెద్దలు ఆయనను మన్నించి యుందురు.

అతిథి మన యింటిని జూచి నవ్వుట యొకటి. ఆ యింట బుట్టినవాడే నవ్వుట వేరొకటి. అతిథి నవ్వి తన దారిని తాను పోవును. ఇంటివాడు నవ్విన పిదప ఆ యింటనే యుండవలెను, ఆ వీథిలోనే నడువవలెను, ఆ బంధువుల నడుమనే బ్రదుకవలెను. నీళ్ళు మోయువారు సైతము తన గడప త్రొక్కని దినములు చూచి, ఆ పిదపను నవ్వుట మానని తెలుగు పండితు డొకడుండెను. ఆయనయే కందుకూరి వీరేశలింగము పంతులుగారు. ఆయన సంఘసంస్కర్త యని మన విద్యార్థు లెల్లరు నెరుగుదురు. ఆయన సత్యరాజను కల్పిత యాత్రికుని పరదేశమునకు బంపి, ఆ నెపమున స్వదేశమునకు అద్దము పట్టిన సంగతి మాత్రము కొందరికే తెలియును. ఆ సత్యరాజు ఎట్లు పుట్టెనో తెలిసికొనుటకు పంతులుగారి జీవితమును మొదటినుండి చూడవలసియున్నది.

వీరేశలింగముగారు 1848వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి సుబ్బారాయుడుగారు, తల్లి పూర్ణమ్మగారు. శిశువుగా నుండగనే మశూచికము సోకి ప్రాణముమీదికి వచ్చెను. నాలుగేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. పెదతండ్రి వేంకటరత్నముగారు ఆ బాలుని తన బిడ్డవలె పెంచి చదువు చెప్పించిరి. చిన్ననాట పట్టుకొన్న దగ్గు కడవరకు విడువలేదు. ఆ దగ్గుతోనే ఆయన జీవితమంతయు పాఠములు చెప్పిరి, సభలలో నుపన్యసించిరి, నూరుకు మించిన గ్రంథములు వ్రాసిరి.

1861లో ఆయనకు వివాహమయ్యెను. వరునికి పదుమూడేండ్లు, వధువు బాపమ్మ ఇంకను పసిపిల్ల. అత్తవారింట ఆమెకు రాజ్యలక్ష్మి యని పేరుపెట్టిరి. బాల్యవివాహములను జీవితమంతయు ఖండించిన ఈ మహనీయుడు తానే బాలవరుడుగా పీటలమీద గూర్చుండెనన్నమాట. ఆయన పరిహసించిన లోకము దూరపు లోకము గాదు. తాను పెరిగిన వసారాయే.

తొలి రచనలలో ఎదురీత జాడయే లేదు. మార్కండేయ శతకము, గోపాల శతకము వ్రాసిరి. ఆ పిమ్మట శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధ మను కావ్యము వ్రాసిరి. పేరు చూచి భయపడనక్కరలేదు. సంస్కృతపదము లేక, నడుమ వచనము లేక, చదువునపుడు పెదవులు కలియకుండ నలుని కథ చెప్పుటయే దాని యర్థము. విద్యార్థులారా, పెదవులు కలుపక అమ్మా యని పిలిచి చూడుడు. ఆ పద్యము లెంత శ్రమపడి కట్టినవో తెలియును. ఇంతటి గారడి చేయగలిగిన పండితుడు, ఈ గారడి దేశమునకు గూడుపెట్టదని తెలిసికొని దానిని విడిచిపెట్టుట యాయన జీవితములోని మొదటి గొప్ప మలుపని నే ననుకొందును. చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభము, మిత్రభేదము మాత్రమే వ్రాసి విడిచెను. తక్కిన సంధి విగ్రహములను వీరేశలింగముగారు తెలుగు చేసిరి. అచ్చటినుండి ఆయన కలము పద్యమును వీడి వచనమువైపు నడచెను.

కోరంగిలో కొంతకాలము ఉపాధ్యాయత్వము చేసి, 1874లో ధవళేశ్వరము పాఠశాలకు ప్రధానోపాధ్యాయులైరి. ఆ సంవత్సరముననే అచ్చట బాలికాపాఠశాల పెట్టిరి. ఆ సంవత్సరముననే వివేకవర్ధని యను పత్రికను వెలువరించిరి. ఆడుపిల్లలకు చదువెందుకని వాదించినవారిలో కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు ముఖ్యులు. ఆయన ఆంధ్రభాషా సంజీవని యను పత్రికను నడుపుచుండిరి. వాదము ముదిరి, ఆయన హాస్యవర్ధని యని వేరొక పత్రిక పెట్టగా, వీరేశలింగముగారు హాస్యసంజీవని యని పేరుపెట్టి బదులు చెప్పిరి. ఒకరి పత్రిక పేరులోని సగమును మరియొకరు లాగుకొనుటలోనే చమత్కార మున్నది. ఇద్దరును ఉద్దండ పండితులే. ఆ కాలమున తెలుగుదేశమున వాదములు ఇంత చక్కని వేళాకోళముతో సాగినవని చదువునపుడు సంతోషము గలుగును.

అయితే వేళాకోళ మెల్లప్పుడు ఇంత తేలికగా నుండలేదు. లంచములు పుచ్చుకొను నుద్యోగులను, కూటసాక్ష్యముల నడుపు వకీళ్ళను, పసిబిడ్డలను ముసలివారికి ముడిపెట్టు తండ్రులను వివేకవర్ధని పట్టి యీడ్చెను. వ్యవహారధర్మబోధిని, బ్రాహ్మవివాహము మొదలగు ప్రహసనములలో తన యూరివారు తమ్ము తాము గుర్తుపట్టి మండిపడిరి. 1878 మొదలు ఆ పత్రికలోనే రాజశేఖర చరిత్రము వెలువడి 1880లో పుస్తకమయ్యెను. గోల్డుస్మిత్తు వ్రాసిన వేకుఫీల్డు మతాచార్యుని కథ దానికి ప్రేరణము. ఇంగ్లండునుండి గోదావరికి వచ్చి తెలుగుచీర గట్టుకొన్న ఆ కథను 1887లో హచిన్‌సన్ అను మతాచార్యుడు మరల ఇంగ్లీషున వ్రాసి లండనునకు చేర్చెను.

ఇక 1881వ సంవత్సరమునకు రావలసియున్నది. పంతులుగారి చరిత్రమున నే నెక్కువసే పాగుచోటు ఇదియే.

అంతకు రెండేండ్ల ముందు, 1879 ఆగస్టులో, ఆయన వితంతు వివాహము శాస్త్రసమ్మత మని బహిరంగముగా నుపన్యసించిరి. బంగాళమున ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పరాశరస్మృతిని ముందుంచుకొని వాదించి, 1856లో వితంతు వివాహములకు శాసనము తెప్పించియుండెను. శాసన మున్నది గాని తెలుగునాట దానిని వాడుకొను ధైర్యము గలవారు లేరు. పండితులు సభలు చేసిరి. శ్లోకమునకు శ్లోకము వచ్చెను. ప్రతి సభ తరువాతను పసి వితంతువులు ఎప్పటివలెనే వంటయింటి మూలల నుండిరి. మాటలతో నిక పనిలేదని పంతులుగారు నిశ్చయించుకొనిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున, పంతులుగారి యింట, గోగులపాటి శ్రీరాములుకును గౌరమ్మకును వివాహము జరిగెను.

ఊరు ఊరంతయు వారిపై లేచెను. మఠాధిపతులు బహిష్కార పత్రికలు పంపిరి. వంటవారు మానిరి, నీళ్ళవారు మానిరి, బంధువులు తలుపులు మూసికొనిరి. పెండ్లికి వచ్చి విందు గుడిచిన పెద్దమనుష్యులలో పలువురు తరువాత ప్రాయశ్చిత్తము చేయించుకొని మెల్లగా జారుకొనిరి. పాఠశాల విద్యార్థులు మాత్రము తమ గురువును విడువలేదు. మీ యీడువారే ఆ దినముల ఆయన యింటికి కాపుగా నిలిచిరి. ఇక రాజ్యలక్ష్మమ్మగారు బిందె చంకనెత్తుకొని గోదావరికి వెళ్ళి నీళ్ళు తెచ్చిరి. వచ్చినవారికందరికి తామే వండి వడ్డించిరి. వెలివేసిన వీథిలో నడచి నీళ్ళు తెచ్చుట యెట్టిదో ఊహించుడు. భర్త ఉపన్యసించినపుడు మెచ్చుకొన్నవారు ఉందురు. బిందెతో నడచినపుడు మెచ్చుకొనువా రెవ్వరును లేరు. ఆ దంపతులకు సంతానము లేదు. దిక్కులేని వితంతువులే ఆమెకు బిడ్డలైరి. వారి పురుళ్ళు, జబ్బులు, కన్నీళ్ళు ఆమె చేతులమీదుగా గడచెను. వీరేశలింగముగారి సంస్కరణములో సగభాగ మామెదే యని నా నమ్మకము.

ఆ పిమ్మట పదులకొలది వితంతు వివాహములు జరిగినవి. అయినను పదేండ్లు గడచిన పిదప చూడగా, దేశము హెచ్చుగా కదలలేదు. 1891లో ప్రభుత్వము సమ్మతి వయస్సును గూర్చిన శాసనము తెచ్చి పదేండ్లను పండ్రెండేండ్లు చేయగా, ధర్మము చెడిపోయెనని దేశమంతట కేకలు పుట్టినవి. శాస్త్రము చెప్పి చూచిరి; వివాహము చేసి చూపిరి. ఇక మిగిలిన దొక్కటే. లోకమును తలక్రిందు చేసి చూపవలెను. ఇట్లు 1890వ దశకమున సత్యరాజా పూర్వదేశ యాత్రలు పుట్టెను.

దీనికి మూల మేదో మీకు దెలియును. డబ్లిను నగరమున గుడి పెద్దగా నుండిన జొనాథన్ స్విఫ్టు 1726లో గలివరు యాత్రలు ప్రకటించెను. మన పిల్లలు లిల్లిపుట్టులోని అంగుళముల మనుష్యులను చదివి సంతోషించి పుస్తకము మూయుదురు. స్విఫ్టు పిల్లలకొరకు వ్రాయలేదు. అంతకు ఐదేండ్ల ముందే పరాసుదేశమున మాంటెస్క్యూ, పారసీక యాత్రికులు పారిసు నగరమును జూచి యాశ్చర్యపడి యింటికి జాబులు వ్రాసినట్లు కల్పించెను. స్వదేశమును నేరుగా తిట్టిన చెర పొంచియుండును; పరదేశి నోట పెట్టిన చదువరి నవ్వుచు వినును. నవ్వు సగములో నుండగా, ఇది మన యిల్లే గదా యని తట్టును. ఈ యుపాయమును తెలుగున మొదట ప్రయోగించినది వీరేశలింగముగారు.

సత్యరాజు ఆచార్యుడు. అతడు తన కథను తానే చెప్పును. అతడు మొదట చేరిన దేశము ఆడుమళయాళము. అట్టి స్త్రీరాజ్య మొకటి కలదని మన అమ్మమ్మలు కథలు చెప్పుట కద్దు. పంతులుగారు ఆ జనశ్రుతినే తీసికొని దానిలో తన దేశమును తిరుగవేసి కుట్టిరి. అచ్చట అధికార మంతయు స్త్రీలది. పురుషులు గడప దాటరాదు. పురుషులకు చదువు చెప్పిన చెడిపోవుదురని అచ్చటి పండితురాండ్రు శాస్త్రములు చూపుదురు. పత్నియే పురుషునికి దైవము. పత్నీవ్రతుడు కానివానికి గతులు లేవు. భార్య పోయినవానికి మరల పెండ్లి మాట యెత్తరాదు. ఆమె మాత్రము ఎందరినైనను పెండ్లాడవచ్చును. ఇవి యన్నియు అచ్చటివారికి అనాది ధర్మములు. ఇవి అన్యాయములని సత్యరాజునకు తోచును. పురుషులను ఇట్లు హింసించుట తగునా యని అతని గుండె మండును. ఆ మంటయే పంతులుగారికి గావలసినది. సత్యరాజు ఆడుమళయాళమును నిందించుటకు వాడిన ప్రతిమాటను, గోదావరి తీరమున ఒక చదువరి తన యింటి వైపునకు త్రిప్పుకొనవలసి వచ్చును. ప్రమాణముగా నెంచిన స్వదేశము కంటియెదుట పగిలిపోవును. పగులగొట్టినది పరదేశి కాదు.

ఆడుమళయాళమును గూర్చి తరగతిలో చెప్పినపుడు నేనొక వింత చూచితిని. పురుషులు గోషాలో నుందురని చెప్పగానే మగపిల్లలు పకపక నవ్విరి. పెండ్లాము చనిపోయినవాని స్థితి చెప్పునప్పటికి ఆ నవ్వు తగ్గెను. ఆడుపిల్లలు మొదట నవ్వలేదు, చివర నవ్విరి. క్రిందటి యేడు వారి వరుసలో కూర్చున్న యొక బాలిక తొమ్మిదవ తరగతి నడుమ పెండ్లి కుదిరి బడి మానినది. ఆ చోటు ఇంకను ఖాళీగానే యున్నది.

స్త్రీ రాజ్యమేలుట పలనాటివారికి కట్టుకథ కాదు. పండ్రెండవ శతాబ్దమున గురజాలలో నలగామరాజు కొలువున నాయకురాలు నాగమ్మ మంత్రిత్వము నెరపినది. జిట్టగామాలపాడునుండి వచ్చిన ఆ స్త్రీ బ్రహ్మనాయునివంటి వానితో ఎత్తునకు ఎత్తు వేసినది. మాచెర్ల, గురజాల రెండు పాళ్ళయి, కోడిపందెమునుండి కారెంపూడి యుద్ధమువరకు నడచిన ఆ కథను వీరవిద్యావంతులు పాడునపుడు, దోషమంతయు ఆమె నెత్తిన బెట్టుట మీరు వినియుందురు. ఆమె కుతంత్రములే చేసెననుకొందము. ఆ కొలువులో కుతంత్రము చేయని మగవాడెవ్వడు? ఈ ప్రశ్న వేయుటకు సత్యరాజు వంటి వాడొకడు ఆ దారిని పోవలసియుండెను.

రెండవ భాగమున సత్యరాజు లంకాద్వీపము చేరును. అచ్చటివారు మహాకాయులు, వారి నడుమ అతడొక పురుగంతవాడు. గలివరు రెండవ యాత్రయందలి రాక్షసదేశపు పోలిక స్పష్టముగా గానవచ్చును. శరీరము లంత పెద్దవైనను మూఢవిశ్వాసములు మనవంటివే. మొదటి భాగమంత పదును దీనికి లేదని నా యభిప్రాయము. మొదటి భాగమునందును కొన్నిచోట్ల యాత్రికుని నోరు మూసి ఉపన్యాసకుడు పైకి వచ్చును. గ్రాంథికము బరువుగా నడచును. పుస్తకమును మెచ్చుటకు ఈ లోపములు దాచనక్కరలేదు.

పంతులుగారు వేసిన ఈ విత్తు ఒంటరిది కాదని తరువాత తేలినది. 1905లో బంగాళపు ముస్లిము వనిత రొకెయా సఖావత్ హుసేన్, పురుషులు లోపల నుండి స్త్రీలు దేశము నేలు సుల్తానా స్వప్న మను కథను ఇంగ్లీషున వ్రాసినది. అది వెలువడినది చెన్నపట్టణమున, ఇండియన్ లేడీస్ మ్యాగజైను పత్రికలో. ఆ పత్రికా సంపాదకురాలు కమలా సత్తియనాథన్ తెలుగింటి యాడుపడుచు. మచిలీపట్టణము నోబులు కళాశాలలో చదివిన విదుషీమణి. రొకెయా తెలుగు చదివియుండదు. గోషాలో పెరిగిన స్త్రీయు, గోషాను బయటినుండి చూచిన పురుషుడును ఒకే యూహకు వచ్చుట యాశ్చర్యకరము. రొకెయా కథలో చీకటి తక్కువ, వెలుగు హెచ్చు. ఆమె స్త్రీలు దేశమును చక్కగా నేలుదురు. పంతులుగారి స్త్రీలు అన్యాయము చేయుదురు, ఏలనన ఆయనకు గావలసినది అద్దము మాత్రమే.

స్విఫ్టు కథలో గలివరు కడకు మనుష్యజాతినే యేవగించుకొని, యిల్లు చేరియు భార్యాబిడ్డలను దగ్గరకు రానీయడు. సత్యరాజును పుట్టించిన పంతులుగారికి అట్టి యేవగింపునకు తీరిక లేదు. ఉదయము లేచిన శరణాలయమున బియ్యము చాలవని కబురు వచ్చును. మధ్యాహ్నము వివాహమాడిన దంపతులలో నొకరు ఉద్యోగము పోయెనని వచ్చును. అయితే స్విఫ్టు సయితము తన ధనమును డబ్లినులో మతిచలించినవారి వైద్యశాల కిచ్చిపోయెను. వీరేశలింగముగారు 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని దానికి సమర్పించిరి. దేశమును జూచి నవ్విన ఈ యిద్దరును ఆ దేశమునకే సొత్తు వ్రాసియిచ్చిరి.

తక్కిన సంగతులు త్వరగా చెప్పవచ్చును. 1893లో రావు బహద్దరు బిరుదము వచ్చెను. 1899 మొదలు కొంతకాలము చెన్నపట్టణమున ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా నుండిరి. 1910 ఆగస్టులో రాజ్యలక్ష్మమ్మగారు పరమపదించిరి. స్వీయచరిత్రము రెండు సంపుటములుగా వెలువడెను. గ్రాంథికమున ఇన్ని గ్రంథములు వ్రాసిన ఆ వృద్ధుడు 1919 ఫిబ్రవరిలో గిడుగు రామమూర్తి పంతులుగారి పక్షమున నిలిచి, వ్యావహారిక భాషా సమాజమునకు అధ్యక్షత వహించుట పలువురను తెల్లబోజేసెను. పెదవులు కలియని పద్యములు గట్టిన యువకుడు డెబ్బదియేండ్లు గడచిన పిమ్మట జనుల నోటిమాటకు వచ్చి చేరెను. ఆ సంవత్సరమే మే 27వ తేదీన చెన్నపట్టణమున కన్నుమూసిరి. రాజమహేంద్రవరమున ఆనందోద్యానమున ఆ దంపతుల సమాధులు గలవు.

కడపటి సంవత్సరములలో ఆయన చేతినుండి దిగని పని యొకటున్నది. అది ఆంధ్రకవుల చరిత్రము. పూర్వము వ్రాసినదానిని మరల చదివి, తప్పులు దిద్ది, క్రొత్త సంగతులు చేర్చుచుండిరి. అందు మన పలనాటికి వచ్చి జొన్నకూడు తినలేక నవ్విపోయిన శ్రీనాథుని చరిత్రయు నున్నది.